బల్బుకు వరదగుడి

నాంపల్లి,
12 నవంబరు 2024

చెల్లెలు యూనీస్‌కు, నీ అన్న హెర్బర్ట్ వందనాలు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రెండుసార్లు కాగితం తీసి, రెండుసార్లూ మడిచి లోపల పెట్టేశాను. రాస్తే నువ్వు తిడతావు. రాయకపోతే మన చిన్నమ్మ కూతురు జిప్పోరా నీకు చేరవేస్తుంది, అప్పుడింకా ఎక్కువ తిడతావు. ఫోను చేద్దామంటే నీకు వినబడదు. చెవి మిషను కొని దాన్ని నగలాగా బీరువాలో దాచుకున్నావు. వాట్సప్‌లో రాయమంటావు. ఆ అక్షరాలు ఈ మధ్య నా కళ్లముందు చీమల్లా నడుస్తున్నాయి, ఒక్కటీ వేలికి దొరకదు. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసులో కౌంటరు అమ్మాయి నన్ను చూసి నవ్వుతుంది. "ఏంది తాతా, ఇంకా ఉత్తరాలు రాస్తున్నవా" అంది మొన్న. "నేను బంద్ జేస్తే నీ నౌకరి పోతది బిడ్డా" అన్నాను.

సంగతి ఏమిటంటే, ఈ క్రిస్మస్‌కు ఇంటికి లైట్లు పెడుతున్నాను. అందరూ వేలాడదీసే కాగితం నక్షత్రం కాదు. మొత్తం ఇల్లు. ప్రహరీ మీద గొర్రెలు, మేడ మీంచి దిగే దూతలు, గేటు నుంచి వరండా దాకా నడిచే ముగ్గురు జ్ఞానులు, వాళ్ల ఒంటె. నడిచే అని ఊరికే రాయలేదు. నీకు గుర్తుందో లేదో, అబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణానికి నేను కట్టిన బోర్డు మీద ఎర్ర బూటు ఒకటి మెట్లు దిగేది. అది చూస్తూ జనం బస్సులు వదులుకునేవాళ్లు. అందులో మాయేమీ లేదు. ఒక చెక్క డ్రమ్ము, దాని మీద రాగి రేకులు, తిప్పడానికి పాత ఫ్యాను మోటారు. రేకు తగిలిన తీగకు కరెంటు, తగలని తీగకు చీకటి. బల్బు ఎక్కడిదక్కడే ఉంటుంది, చూసేవాడి కన్నే నడుస్తుంది. ఆ డ్రమ్ము మంచం కిందినుంచి బయటికి తీశాను. ఈసారి దాని మీద ఒంటె నడవాలి.

ఎందుకంటావు. పోయిన డిసెంబరులో మీ వదిన మేరమ్మ పెద్ద దవాఖానలో పంతొమ్మిది రోజులు ఉంది. లోపలికి ఒక్కరినే రానిచ్చేవాళ్లు, అదీ పొద్దున కాసేపు. మిగతా కాలమంతా నేను బయట ఫుట్‌పాత్ మీదే. నాలాంటివాళ్లు వందమంది. సంగారెడ్డి నుంచి కోడలిని తెచ్చిన ఒక ముసలామె పూలమ్మ అని, తన దుప్పటిలో సగం నా కాళ్ల మీద వేసింది, పేరు కూడా అడగకుండా. ఇరవయ్యో రోజు నేనొక్కణ్ణే ఇంటికి వచ్చాను. ఆ సగం దుప్పటి అప్పటినుంచి నా కాళ్ల మీదే ఉంది.

అందుకని, మా లైట్లు చూడవచ్చే ప్రతి ఇంటివాళ్లూ ఒక దుప్పటి తేవాలి. డబ్బులు వద్దు, హుండీ వద్దు. ప్రతి ఆదివారం ఆ దుప్పట్లు ఫుట్‌పాత్‌కు పోతాయి. డిసెంబరు ఎనిమిది సాయంత్రం ఆరున్నరకు మొదటిసారి వెలిగిస్తానని గుడిలో ఆరాధన అయ్యాక చెప్పేశాను.

నాన్న చర్చి మిషను వర్క్‌షాపులో కత్తిరించిన రేకు నక్షత్రం నీ అటక మీద ఉంది. అది పంపు. మేరమ్మ పేరున పెట్టే దీపాలకు బజారు నక్షత్రం బాగుండదు.

జవాబులో తిట్లు తగ్గించి, మోకాలి సంగతి ఎక్కువ రాయి.

నీ అన్న

~

మెదక్,
17 నవంబరు

హెర్బర్టన్నకు,

మోకాలు అలాగే ఉంది. ఆపరేషను తరువాత వాకరు పట్టుకుని వంటింటి దాకా వెళ్లగలను, వాకిలి దాకా వెళ్లలేను. మోకాలి సంగతి ఇంతే.

నీకు డెబ్బై నాలుగు. తొంభై ఎనిమిదిలో అబిడ్స్‌లో బోర్డు మీదినుంచి పడ్డప్పుడు నీకు నలభై ఎనిమిది. అప్పుడు నీ నోటి వాసన నాకు ఇంకా గుర్తే. వదిన నీ చేత మానిపించడానికి పద్నాలుగేళ్లు పట్టింది. మానేసి పన్నెండేళ్లయిందని నేను నలుగురిలో గర్వంగా చెప్పుకుంటున్నాను.

జిప్పోరా వచ్చి చెప్పింది. పోయిన వారం పొద్దున్నే నీ ఇంటికి వస్తే తల పట్టుకుని కూర్చున్నావట. కళ్లు ఎర్రగా ఉన్నాయట. పెరట్లో వాంతి చేసుకున్నావట. అడిగితే ఏమీ లేదన్నావట. నీ ఉత్తరం మూడో పేజీ చూశాను. ఒక వరస ఇంకో వరస మీదికి ఎక్కింది. ఆ చేతిరాత నాకు తెలుసు. తొంభై ఎనిమిది నాటిది.

వదిన పోయి ఇంకా ఏడాది కాలేదు. మళ్లీ మొదలుపెట్టావా? ఒంటెల గురించి కాక, దీని గురించి సూటిగా రాయి.

దుప్పట్లు పంచడం మంచి పని. దానికి ఇల్లంతా తీగలు చుట్టి నిచ్చెన ఎక్కనక్కర్లేదు. నక్షత్రం పంపను. పంపితే దాన్ని మేడ మీద కట్టడానికి నువ్వే ఎక్కుతావు.

యూనీస్

~

నాంపల్లి,
23 నవంబరు

మెదక్ నర్సమ్మ గారి సముఖమునకు,

తాగలేదు. చుక్క తాగలేదు. మేరమ్మ మీద ఒట్టు వేసి రాస్తున్నాను. ఇంతకుమించి సూటిగా రాయడం నాకు చేతకాదు.

ముప్పై ఒక్క ఏళ్లు కంటి వార్డులో నర్సుగా పనిచేశావు కదా, నోరు తెరిచి వాసన చూపించమని అడగకుండా మూడో పేజీ చూసి తీర్పు చెప్పేశావు. వరస మీద వరస ఎక్కిందంటే అది సాయంత్రం పూట, సన్న వెలుతురులో రాసింది. తలనొప్పికి కారణం లక్క. ఎల్లిడీలు వచ్చాక రంగు బల్బులు చేసేవాడు లేడు. కోఠిలో జీరో బల్బులు అడిగితే దుకాణంవాడు లోపలికి పోయి వాళ్ల నాన్నను పిలుచుకొచ్చాడు. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అరె, నువ్వింకా ఉన్నవా" అన్నాడు. "మీ బల్బులు ఉన్నంత దాక ఉంట" అన్నాను. అటక మీదివన్నీ దింపి ఇచ్చాడు. మా సందులో ఉండే మొగులయ్య తన ఆటోలో తెచ్చాడు, దారిపొడుగునా గుంతకో దండం పెట్టుకుంటూ. ఇప్పుడు స్పిరిట్‌లో లక్క కరిగించి, రంగు కలిపి, ఒక్కో బల్బునీ అందులో ముంచి ఆరేస్తున్నాను. మూసిన గదిలో రోజంతా ఆ వాసన పీలిస్తే నీకూ తల పగులుతుంది, కడుపులో తిప్పుతుంది. అయిందా.

నీ మీద కోపంతో ఈ ఉత్తరం ఇక్కడ ఆపేయాలి. కాని ఒక సంగతి ఎవరికో ఒకరికి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. గురువారం సందెవేళ ఒంటెకు కరెంటు ఇచ్చి చూశాను. యూనీసూ, ప్రతి బల్బు చుట్టూ ఒక వలయం. లోపల నీలం, అంచున ఎరుపు. వాన ముందు చంద్రుడికి వరదగుడి కడుతుందే, అచ్చం అట్లా, కాకపోతే పూరీ అంత. నాలుగు వందల బల్బులకు నాలుగు వందల వరదగుళ్లు. నలభై ఏళ్లు ముంచాను, ఇట్లాంటిది ఎన్నడూ రాలేదు. ఈసారి లక్క కొంచెం చిక్కగా పడింది, దాని మహిమే. ఎడమ కన్ను మూస్తే వలయం పలచబడుతుంది, కుడి కన్ను మూస్తే నిండుగా వస్తుంది. ఎట్లా చూసినా వాటంతటివే వెలిసిన కిరీటాల్లా ఉన్నాయి. మేరమ్మ చూసి ఉంటే ఏమనేదో.

ఎదురింటి వెంకటేశ్వర్లు గారిని పిలిచి చూపించాను. ఎరుగుదువు కదా, బందరు నుంచి వాళ్ల నాన్న కాలంలో వచ్చి స్థిరపడ్డవాళ్లు, ఎంత మర్యాదస్తుడో. "ఆ వలయాలు చూసిన్రా సార్" అన్నాను. "ఆహా, దివ్యంగా ఉన్నాయండీ" అన్నాడు. ఆయన భార్య వసుమతి గారు మాత్రం ఆయన మొహం చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆడవాళ్లకు పనితనం మీద ఈర్ష్య.

నక్షత్రం నీ అటక మీదే ఉంచుకో. ఎలుకలకు వెలుగు కావాలి.

హెర్బర్ట్

~

మెదక్,
27 నవంబరు

అన్నా,

తాగావని రాసినందుకు నన్ను క్షమించు. ఇప్పుడు రాసేది రెండుసార్లు చదువు, పగటి వెలుతురులో చదువు.

ఆ వలయాలు లక్క వల్ల రాలేదు. అవి బల్బుకు లేవు, నీ కంట్లో ఉన్నాయి.

కంటి లోపల ఊరే నీరు బయటికి పోవడానికి సన్నని దారి ఉంటుంది. కొందరికి ఈ వయసులో ఆ దారి మూసుకుపోతూ ఉంటుంది, ముఖ్యంగా సందెవేళ, మసక వెలుతురులో. నీరు నిలిచి ఒత్తిడి పెరుగుతుంది. అప్పుడు దీపాల చుట్టూ రంగులు కనిపిస్తాయి, తల నొస్తుంది, కన్ను ఎర్రబడుతుంది, వాంతి అవుతుంది. నిద్రపోయి లేస్తే తగ్గుతుంది, అందుకే ఎవరూ పట్టించుకోరు. ఒక రోజు మాత్రం తగ్గదు. ఆ రోజు గంటల్లో చూపు పోతుంది. శుక్లం లాంటిది కాదు, తీసేస్తే చూపు మళ్లీ రావడానికి. పోయింది పోయినట్టే. గ్లాకోమా అంటారే, ఆ నీటికాసుల్లో అన్నిటికన్నా తొందరగా కన్ను తీసేది ఇదే. నా వార్డులో పడుకుని, "నిన్నటిదాకా బాగానే ఉండె సిస్టరూ" అన్నవాళ్లను నేను లెక్కపెట్టలేదు.

నామీద నమ్మకం లేకపోతే ఒక పని చెయ్యి. సందెవేళ వీధి దీపం చూడు. దాన్ని నువ్వు లక్కలో ముంచలేదు. దానికీ వలయం ఉంటే ఆ మరుసటి పొద్దునే కంటి దవాఖానకు వెళ్లు. కాస్త లేజర్ పెడితే సరిపోతుంది, పది నిమిషాల పని. ఎదురింట్లో అడగాలనుకుంటే వసుమతి గారిని అడుగు, ఆయన్ను అడగకు.

నేను రాలేను. రాగలిగితే ఈ ఉత్తరానికి బదులు నేనే గేటు దగ్గర ఉండేదాన్ని. చెవి మిషను బీరువాలోంచి తీశాను. బ్యాటరీ చచ్చింది. ఊళ్లో రెండు దుకాణాల్లో అడిగించాను, లేదన్నారు.

యూనీస్

~

నాంపల్లి,
2 డిసెంబరు

చెల్లెలు యూనీస్‌కు,

నీ ఉత్తరం రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చదివాను. బాగా రాశావు. మొదట వయసు అన్నావు, తరువాత సారా అన్నావు, ఆ తరువాత నిచ్చెన అన్నావు. మూడూ పారకపోయేసరికి ఇప్పుడు కన్ను తెచ్చావు. చిన్నప్పుడు కూడా అంతే, నేను చెట్టెక్కితే కింద నిలబడి నాన్న వస్తున్నాడని అరిచేదానివి. దిగి చూస్తే ఎవడూ ఉండడు.

వీధి దీపం చూశాను. దానికీ వలయం ఉంది. దాచడం ఎందుకు. కాని నాంపల్లి సందుల్లో డిసెంబరు సాయంత్రం ఎట్లుంటుందో నీకు తెలియదు. పొగ, దుమ్ము, మంచు, టీ కొట్టు ఆవిరి. ఆ గాలిలో దేనికైనా వలయం వస్తుంది. వసుమతి గారిని అడగలేదు. పరాయి ఇల్లాలిని పట్టుకుని నా బల్బులు నీకెట్లా కనిపిస్తున్నాయమ్మా అని అడగడానికి నాకు నోరు రాలేదు.

మొన్న ఎవరో అమ్మాయి చేత ఫోను చేయించావు. అనూహ్య అట, మీ పక్కింటి పిల్ల. పాపం, కాగితం చూసి చదువుతోంది. "తాతగారూ, మీరు వెంటనే" అని మొదలుపెట్టింది. "మా చెల్లెకు ఫికర్ వద్దని చెప్పు బిడ్డా, క్రిస్మస్ అయినంక పోత" అని పెట్టేశాను.

పోతాను. నిజంగానే పోతాను. కాని ఆదివారానికి ఆరు రోజులుంది. దూతల్లో ఇద్దరికి రెక్కలు లేవు. ఇప్పుడు దవాఖానకు పోతే కూర్చోబెడతారు, పడుకోబెడతారు. దవాఖానలో పడుకోబెట్టిన మనిషి మా ఇంటికి తిరిగి వచ్చిన జ్ఞాపకం నాకు లేదు. గుడిలో మాట ఇచ్చాను. సుల్తాన్ బజారులో ఒక దుకాణంవాళ్లు అప్పుడే పదిహేను దుప్పట్లు తెచ్చి వరండాలో పెట్టి వెళ్లారు. అవి చూసుకుంటూ పనిచేస్తున్నాను.

తలనొప్పి ఎడమవైపే ఎక్కువ. అది కూడా రాస్తున్నాను, దాచానని అనొద్దు.

హెర్బర్ట్

~

మెదక్,
6 డిసెంబరు

అన్నా,

ఈ ఉత్తరం నక్షత్రం పెట్టెలోనే పెట్టి బస్సు పార్సిల్లో వేయిస్తున్నాను. ఆదివారానికి నీకు అందుతుంది.

నిన్ను ఆపడానికే కన్ను కల్పించానని అన్నావు. నన్ను నమ్మకపోవడానికి నీకు మిగిలిన కారణం నేను పంపనన్న ఈ నక్షత్రం ఒక్కటే. అందుకని ఇచ్చేస్తున్నాను. ఇక నీ లైట్ల మీద నాకు పట్టింపు లేదు. ఇల్లంతా పెట్టు, మేడంతా పెట్టు, ఒంటెలు పది పెట్టు. పెట్టి, వెళ్లు. ఇప్పుడు కూడా ఎత్తు అనుకుంటే ఇంక నా దగ్గర వేయడానికేమీ లేదు.

వెంకటేశ్వర్లు గారికి బుధవారం విడిగా రాశాను. ఎప్పుడు ఏం చేయాలో అందులో ఉంది. కోప్పడితే నామీద కోప్పడు.

అటక మీదినుంచి దాన్ని దింపింది అనూహ్య. నేను కింద నిలబడి వాకరు పట్టుకున్నాను.

చెల్లె

~

నాంపల్లి,
19 డిసెంబరు

చెల్లె యూనీస్‌కు,

అక్షరాలు పెద్దగా ఉన్నాయని నవ్వకు. వరస మీద వరస మాత్రం ఎక్కడం లేదు చూడు. ఒక్క కంటితో రాస్తున్నాను, డాక్టరమ్మ రోజుకు ఒక పేజీకి పర్మిషన్ ఇచ్చింది. ఇది రెండు రోజుల ఉత్తరం.

జిప్పోరా ఎంత చెప్పిందో నాకు తెలియదు. జరిగింది ఇది.

ఆదివారం అయిదు గంటలకు మొగులయ్య పార్సిల్ తెచ్చాడు. పెట్టె విప్పితే నాన్న నక్షత్రం. అటకమీది దుమ్ము తుడిచి, కొత్త తీగ కట్టి మరీ పంపావు. నీ ఉత్తరం చదివాను. నువ్వు వస్తువు వదులుకున్నది నా జన్మలో చూడలేదు, చిన్నప్పుడు పెన్సిలు ముక్క కూడా ఇచ్చేదానివి కాదు. అప్పుడు నమ్మాను. పొద్దున వెళ్దామనుకున్నాను. ఇంకొక్క పూటే కదా అనుకున్నాను.

ఆరున్నరకు సందు నిండా జనం. గుడి నుంచి పాటల కోయిరు వచ్చింది. నేను డ్రమ్ము దగ్గర కూర్చుని మోటారు వేశాను. ఒంటె రెండడుగులు వేయడం చూశాను. మూడో అడుగు చూడలేదు. ఎడమ కంట్లో మేకు దించినట్టయింది. వలయాలు పెరిగి పెరిగి ఒకదానిలో ఒకటి కలిసిపోయి అంతా వేణ్ణీళ్ల ఆవిరి. గేటు పక్కన కూలబడి వాంతి చేసుకున్నాను. మేరమ్మ పేరున పెట్టిన దీపాల కింద, అందరి ముందర. వెనకనుంచి ఎవరో అన్నారు, "పెద్దాయన మళ్ల షురూ జేసిండు" అని. ఆ మాట ఇంతకుముందు నువ్వన్నప్పుడు కోపం వచ్చింది. ఈసారి కోపానికి కూడా తీరిక లేదు.

అప్పుడు వెంకటేశ్వర్లు గారు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. ఆయన ఎవరినైనా తోయడం నేను చూడలేదు. చేతిలో నీ ఉత్తరం. "తాగలేదండీ ఈయన, కన్ను పోతోంది, తప్పుకోండి" అని అరిచాడు. మొగులయ్య ఆటో తెచ్చాడు. నాంపల్లి నుంచి మొజంజాహీ మార్కెట్ దాటేదాకా ఆయన నా చెయ్యి పట్టుకుని ఒకటే మాట. "నాకు వలయాలు కనబడలేదండీ. ఆ రోజు ఏమీ కనబడలేదు. మీరు అంత ఆశగా అడిగితే లేవని ఎలా చెప్పనండీ." మార్కెట్ దాటాక, "ఉత్తరం నిన్ననే వచ్చిందండీ. మీ సంబరం చెడగొట్టడమెందుకు, సోమవారం చెబుదామనుకున్నాను" అన్నాడు. ముందు సీట్లోంచి మొగులయ్య, "సారూ, మీ తెహజీబ్, మీ మర్యాద జర పక్కన పెట్టున్రి, ఆయన్ను గట్టిగ పట్టుకోన్రి" అన్నాడు.

దవాఖానలో నీ ఉత్తరం డాక్టరమ్మ చేతిలో పెట్టారు. ఆమె చదివి, "ఇది ఎవరు రాసిన్రు" అని అడిగింది. "మా చెల్లె" అన్నాను. వేరే ప్రశ్నలేవీ వేయలేదు, నేరుగా మందు ఎక్కించారు.

కుడి కన్ను నిలిచింది. దానికి లేజర్‌తో సూది మొనంత కన్నం పెట్టారు, ఇక నీరు నిలవదట. ఎడమ కంటికి వెలుతురుందో లేదో తెలుస్తుంది, అంతే. అది ఇంతకన్నా రాదని డాక్టరమ్మ చెప్పింది. నువ్వు ముందే చెప్పావు. ఆయన మర్యాద, నా మొండితనం కలిసి ఒక కన్ను పుచ్చుకున్నాయి. ఆయన రోజూ వచ్చి తలవంచుకుని కూర్చుంటున్నాడు. ఆయన వంతు సగమేనని చెప్పాను. తగ్గించి చెప్పలేదు, పెంచీ చెప్పలేదు.

ఆ రాత్రీ మరుసటి రాత్రీ నాకు తోడుగా దవాఖాన బయట ఉన్నది ఆయనే. లోపలికి రానివ్వలేదు. వసుమతి గారు మన వరండాలోంచి ఒక దుప్పటి తీసి పంపిందట. ఎట్లుంది అని అడిగాను. "వెచ్చగానే ఉందండీ" అన్నాడు. మళ్లీ తనే, "గుచ్చుకుంటుందండీ, చాలా గుచ్చుకుంటుంది" అన్నాడు. నిజం చెప్పడం నేర్చుకుంటున్నాడు పాపం. మెత్తవి తెమ్మని గేటు మీద రాసి పెట్టించాను. లైట్లు ఒక్క రోజు కూడా ఆగలేదు. డ్రమ్ము వసుమతి గారు చూసుకుంది. నూటపది దుప్పట్లు పోయిన ఆదివారం ఫుట్‌పాత్‌కు వెళ్లాయి. సంగారెడ్డి పూలమ్మ కోసం మొగులయ్యను చూసి రమ్మన్నాను. ఆమె లేదు. ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకూ తెలియదు.

నక్షత్రం మేడ మీద ఉంది. కట్టింది మొగులయ్య. నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాను, నువ్వు వాకరు పట్టుకున్నట్టు.

నీ చెవి మిషను బ్యాటరీలు కోఠిలో దొరికాయి. రెండు పొట్లాలు ఈ కవరులోనే పెట్టాను. వేసుకుని ఫోను చెయ్యి. చెయ్యకపోతే ఇంకో ఉత్తరం రాయాలి, నాకున్నది రోజుకు ఒక పేజీ.

నిన్న సాయంత్రం మొదటిసారి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గేటు దాకా వచ్చి చూశాను. ఏ బల్బుకూ వలయం లేదు. ఉత్త బల్బులు. ఒంటె వెనక కాలులో ఒకటి వెలగడం లేదు. కిందిదే, నిచ్చెన అక్కర్లేదు. మార్చాను.

అన్న